హెచ్‌ఐవీ మందులు, లివర్: హైదరాబాద్‌లో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఉస్మానియా, గాంధీ, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి... నగరంలో హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏ ఏఆర్‌టీ సెంటర్ బెంచీ మీద కాసేపు కూర్చున్నా ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: "ఇన్నేళ్లు ఈ బిళ్లలు మింగితే లివర్ ఏమైపోవాలి?" నేను 2008 నుంచి ఈ మందులు వాడుతున్నాను. కొన్నేళ్లుగా, కొత్తగా మొదలుపెట్టినవాళ్ల పక్కన కూర్చుని మాట్లాడుతున్నాను. వాళ్లు అడిగినవాటినే, చాలావరకు వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నేను డాక్టర్ని కాను. మందు మార్చాలన్నా, ఆపాలన్నా ఆ నిర్ణయం మీ ఏఆర్‌టీ డాక్టరుదే.

## మందులు మొదలుపెట్టేముందు

ఈ మందులు వాడితే లివర్ పాడైపోతుందని అందరూ అంటున్నారు. నిజమేనా?

ఆ భయం ఊరికే పుట్టలేదు, పాత మందుల నుంచి పుట్టింది. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు స్టావుడిన్, నెవిరాపిన్ లాంటి మందులు ఎక్కువగా వాడేవాళ్లు. నెవిరాపిన్ కొందరికి మొదటి వారాల్లోనే లివర్‌ను గట్టిగా దెబ్బతీసేది. సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) 250 దాటిన ఆడవాళ్లలో, 400 దాటిన మగవాళ్లలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. స్టావుడిన్ వల్ల కొందరికి లివర్‌లో కొవ్వు పేరుకుని, రక్తంలో లాక్టిక్ యాసిడ్ పెరిగి ప్రాణం మీదికి వచ్చేది. ఆ రోజులు చూసినవాళ్లు చెప్పిన మాటలే ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఇప్పుడు పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. ఒకే బిళ్లలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. మొదటి రెండూ ముఖ్యంగా కిడ్నీల ద్వారా బయటికి పోతాయి. డోలుటెగ్రావిర్‌ను లివర్ అరిగిస్తుంది కానీ, దానివల్ల లివర్ దెబ్బతినడం అరుదు. అరుదంటే అసలు ఉండదని కాదు, పరీక్షలు చేసేది అందుకే. మందు వేసుకోకుండా వదిలేసిన హెచ్‌ఐవీ లివర్‌ను అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందన్నది కూడా మర్చిపోకండి.

మందు మొదలుపెట్టే రోజు లివర్ కోసం ఏ పరీక్షలు అడగాలి?

మూడు తప్పకుండా ఉండాలి: లివర్ ఫంక్షన్ టెస్ట్ లేదా కనీసం ఎస్‌జీపీటీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), హెపటైటిస్ బి కోసం హెచ్‌బీఎస్ఏజీ, హెపటైటిస్ సి పరీక్ష. ఇవి సెంటర్‌లోనే ఉచితంగా చేస్తారు. కిడ్నీ కోసం క్రియాటినిన్, బ్లడ్ కౌంట్, షుగర్, సీడీ4 కూడా అప్పుడే చూస్తారు. లివర్ పరీక్షకు పరగడుపున ఉండాల్సిన పనిలేదు. షుగర్‌తో కలిపి తీస్తే మాత్రం టీ కూడా తాగకుండా రమ్మంటారు. ఆ మొదటి రిపోర్టును పారేయకండి. రెండేళ్ల తర్వాత ఎస్‌జీపీటీ 60 వస్తే, మొదట్లో 22 ఉందా, 58 ఉందా అన్నదాన్ని బట్టి డాక్టరు ఆలోచన మారిపోతుంది.

హెపటైటిస్ బి కూడా ఉందన్నారు. ఇక రెండు జబ్బులకు రెండు రకాల మందులా?

అక్కర్లేదు. టీఎల్‌డీలోని టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి. రోజుకు ఒక్క బిళ్లతో రెండు వైరస్‌లకూ కళ్లెం పడుతుంది.

జాగ్రత్త పడాల్సింది ఆపే విషయంలో. హెపటైటిస్ బి ఉన్న మనిషి ఈ బిళ్ల హఠాత్తుగా మానేస్తే, అణిగి ఉన్న బి వైరస్ ఒక్కసారిగా లేచి లివర్ వాచిపోతుంది. ఒక్కోసారి లివర్ పూర్తిగా చేతులెత్తేస్తుంది. ఎప్పుడైనా కిడ్నీ కారణంగా టెనోఫోవిర్ మార్చాల్సి వస్తే, "నాకు హెపటైటిస్ బి కూడా ఉంది" అని ఆ రోజు డాక్టరుకు మీరే గుర్తు చేయండి, బదులుగా దానికి వేరే మందు చూస్తారు. ఈ ఒక్క విషయాన్ని ఏఆర్‌టీ పుస్తకం మొదటి పేజీ మీద పెన్నుతో రాసుకోమని నేను అందరికీ చెబుతాను. ఇంట్లోవాళ్లకు కూడా హెపటైటిస్ బి పరీక్ష చేయించి, లేనివాళ్లకు టీకా వేయించాలి.

హెపటైటిస్ సి వచ్చింది. అది జీవితాంతం ఉంటుందా?

ఉండదు. నోటి బిళ్లలతో నయమైపోతుంది, చాలామందికి 12 వారాల కోర్సు సరిపోతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. ఎక్కడ ఇస్తారో మీ సెంటర్‌లో అడగండి, చీటీ రాసి పంపుతారు.

నాకు హెపటైటిస్ బి లేదు. మరి టీకా దేనికి?

లేనివాళ్ల కోసమే టీకా. మామూలుగా మొదటి రోజు, నెలకు, ఆరో నెలకు, మొత్తం మూడు డోసులు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో టీకా కొంచెం బలహీనంగా పట్టవచ్చు కాబట్టి కొందరికి రెట్టింపు మోతాదు ఇస్తారు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటే పట్టిందో లేదో తెలుస్తుంది. అంకె 10 దాటితే పట్టినట్టు.

రోజూ తాగే అలవాటుంది. అది మానాకే మందులు మొదలుపెట్టాలా?

వద్దు, అలా ఆగకండి. "ముందు మానేసి వస్తాను సార్" అని వెళ్లినవాళ్లు ఏడాది తర్వాత సీడీ4 పడిపోయి స్ట్రెచర్ మీద రావడం చూశాను. తాగే విషయం డాక్టరు దగ్గర దాచకుండా చెప్పండి, బిళ్ల ఈ రోజే మొదలుపెట్టండి, మానడం పక్కనే నడవనివ్వండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు, కాబట్టి మానడానికి కూడా డాక్టరు సాయం కావాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో దానికి వైద్యం దొరుకుతుంది.

## మొదటి మూడు నెలలు

బిళ్ల వేసుకున్న దగ్గర్నుంచి వికారంగా ఉంది. లివర్ దెబ్బతిన్నట్టేనా?

చాలావరకు కాదు. మొదటి రెండు మూడు వారాలు కాస్త వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం టీఎల్‌డీతో మామూలే. అన్నం తిన్నాక వేసుకుంటే కొందరికి తేలికపడుతుంది. నిద్ర చెడితే రాత్రి బదులు ఉదయానికి మార్చుకోవచ్చు. ఆకలి పూర్తిగా చచ్చిపోయి, వాంతులు ఆగక, నీళ్లు కూడా నిలవకపోతే మాత్రం వచ్చే నెల తేదీ దాకా ఆగకుండా మర్నాడే సెంటర్‌కి వెళ్లండి.

ఏం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి?

కంటి తెల్లగుడ్డు పచ్చబడితే. మంచినీళ్లు బాగానే తాగుతున్నా మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంటే. కుడివైపు పక్కటెముకల కింద నొప్పితో వాంతులవుతుంటే. పొట్ట ఉబ్బుతుంటే. పళ్లు తోముకునేటప్పుడు రక్తం ఆగకపోతే. మనిషి అయోమయంగా మాట్లాడుతుంటే, పగలంతా నిద్రలో జోగుతుంటే, అది మరీ ప్రమాదం. గర్భిణికి వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి పూటైనా బయల్దేరాలి.

కళ్లు చూసుకోవడం ట్యూబ్‌లైట్ కింద కాదు. పొద్దున్నే కిటికీ దగ్గర పగటి వెలుతురులో నిలబడి, కింది రెప్ప లాగి, పక్కన ఇంకొకరి కన్ను పోల్చి చూసుకోండి. పసుపు రంగు గోడలున్న గదిలో అందరి కళ్లూ పచ్చగానే కనిపిస్తాయి. ఈ చిన్న విషయం తెలియక రాత్రంతా టెన్షన్ పడినవాళ్లున్నారు.

ఒళ్లంతా దద్దుర్లు. దానికీ లివర్‌కీ సంబంధం ఉందా?

ఉండవచ్చు. దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం ఉంటే అది ఒంటి మొత్తానికీ వచ్చిన అలర్జీ, లివర్ కూడా అందులో ఇరుక్కోవచ్చు. అదే రోజు చూపించాలి. కారణం ఏఆర్‌టీ బిళ్లే కానక్కర్లేదు. సీడీ4 తక్కువ ఉన్నవాళ్లకు అదనంగా ఇచ్చే కోట్రైమోక్సజోల్ వల్ల దద్దుర్లు రావడం ఎక్కువ. జ్వరం లేకుండా చేతుల మీద నాలుగు దురద మచ్చలే ఉంటే అంత కంగారు లేదు, అయినా చూపించండి.

మందులు మొదలెట్టాక ఎస్‌జీపీటీ పెరిగింది. మందు పడలేదా?

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మందు పనిచేయడం మొదలై రోగనిరోధక శక్తి కోలుకున్నప్పుడు, అంతవరకు లివర్‌లో దాక్కున్న హెపటైటిస్ బి లేదా సి మీద శరీరం ఒక్కసారిగా తిరగబడుతుంది. ఆ పోరులో లివర్ కణాలు నలిగి అంకెలు పెరుగుతాయి. అంటే మందు పడక కాదు, మందు పనిచేస్తున్నందువల్ల. చాలామందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది కానీ, డాక్టరు కంటికింద ఉండాలి. హెపటైటిస్ పరీక్షలు మొదట్లో చేయకపోయి ఉంటే ఇప్పుడు చేయమని అడగండి.

## టీబీ మందులు తోడైనప్పుడు

టీబీ మందులు, హెచ్‌ఐవీ మందులు కలిపి వేసుకుంటే లివర్ తట్టుకుంటుందా?

ఎక్కువమందికి తట్టుకుంటుంది. కానీ ఈ పేజీలో నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చదవమనేది ఈ భాగమే, ఎందుకంటే నేను చూసిన అసలైన కామెర్ల కేసుల్లో ఎక్కువ టీబీ మందుల దగ్గరే వచ్చాయి.

టీబీ కోర్సులోని ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్ మీద భారం వేసేవే. ఇథాంబుటాల్‌తో లివర్‌కు పెద్దగా గొడవ లేదు, దాని జాగ్రత్త కంటి చూపు విషయంలో. ఇవన్నీ కలిసిన మొదటి రెండు నెలలు ఎక్కువ కనిపెట్టి ఉండాలి. తాగే అలవాటు, హెపటైటిస్ బి లేదా సి, బాగా తగ్గిపోయిన బరువు, పెద్ద వయసు ఉంటే ఎస్‌జీపీటీ మరింత దగ్గర దగ్గరగా చేయించమని అడగండి.

ఇక రెండో విషయం. రిఫాంపిసిన్ లివర్‌ను ఉసిగొల్పి డోలుటెగ్రావిర్‌ను త్వరగా అరిగిపోయేలా చేస్తుంది. అందుకే టీబీ కోర్సు నడిచినన్నాళ్లూ టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు ఇంకో డోలుటెగ్రావిర్ 50 బిళ్ల ఇస్తారు. టీబీ మందులు ఆగాక కూడా రెండు వారాలు అది కొనసాగాలి. "రెండు పూటలా ఎందుకు, లివర్ మీద భారం కదా" అని ఆ రెండో బిళ్లను పక్కన పెట్టినవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. దానివల్ల లివర్‌కు ఒరిగేదేమీ లేదు, హెచ్‌ఐవీ మాత్రం మందుకు లొంగకుండా తయారవుతుంది.

టీబీ మందులతో కామెర్లు వచ్చాయి. అన్నీ ఆపేయాలా?

ఆ నిర్ణయం అదే రోజు డాక్టరు తీసుకోవాలి. మామూలుగా వాళ్లు చూసే లెక్క ఇది: వాంతులు, కామెర్లు లాంటి లక్షణాలుండి ఎస్‌జీపీటీ మామూలు హద్దుకు మూడు రెట్లు దాటినా, లక్షణాలు లేకుండా ఐదు రెట్లు దాటినా లివర్‌ను దెబ్బతీసే టీబీ మందులు ఆపుతారు. అంకెలు దిగాక ఒక్కొక్క మందునే తిరిగి మొదలుపెడుతూ, ఏది పడలేదో పట్టుకుంటారు. ఓపిక పట్టాల్సిన పని ఇది. కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో కోపం కూడా వస్తుంది. కానీ కోర్సు మధ్యలో మాయమైపోతే టీబీ మొండిదై తిరిగి వస్తుంది.

టీబీ లేదు, రాకుండా ఆరు నెలలు బిళ్ల వేసుకోమన్నారు. అది లివర్‌కు మంచిదేనా?

అది ఐసోనియాజిడ్, తోడుగా బి6 విటమిన్. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీసేది టీబీయే కాబట్టి ఆ బిళ్ల విలువ పెద్దది. కామెర్లు ఉన్నప్పుడు, రోజూ మద్యం తాగుతున్నప్పుడు మాత్రం ఇవ్వరు. కోర్సు నడుస్తున్నన్నాళ్లూ చుక్క ముట్టకండి. కారణం లేకుండా మూడు రోజులు అన్నం సహించకపోతే బిళ్ల పక్కన పెట్టి సెంటర్‌కి వెళ్లండి. ఈ సలహా టీబీ రాకుండా ఇచ్చే బిళ్ల వరకే, ఏఆర్‌టీ బిళ్లకు వర్తించదు.

## రిపోర్టు చేతికొచ్చాక

ఎస్‌జీపీటీ 78 వచ్చింది, పక్కన ఎర్ర అక్షరాల్లో ఉంది. ప్రమాదమా?

ఎర్ర రంగు చూసి గుండె ఆగినంత పనవుతుంది, నాకు తెలుసు. చాలా ల్యాబుల్లో పై హద్దు 40 దగ్గర ఉంటుంది, 78 అంటే దానికి రెండింతల లోపే. ఈ స్థాయిలో డాక్టర్లు మామూలుగా మందు ఆపరు. కారణం వెతుకుతారు, కొన్ని వారాల్లో మళ్లీ పరీక్ష చేస్తారు. ఐదు రెట్లు దాటితే, అంటే 200 పైన, విషయం గట్టిగా పట్టించుకోవాల్సిందే. అంకె చిన్నదైనా బిలిరుబిన్ (కామెర్లలో పచ్చరంగు తెచ్చే పదార్థం) కూడా పెరిగి, కళ్లు పచ్చబడితే అది వేరే లెక్క, వెంటనే చూపించాలి.

రక్తం ఇచ్చిన వారంలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. డెంగీ జ్వరం వస్తే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే ఇంకో ఎంజైమ్ రెండూ ఎగబాకుతాయి, మన ఊళ్లో ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఇది మామూలైపోయింది. ముందురోజు జిమ్‌లో బరువులెత్తినా కండరాల నుంచి ఎస్‌జీఓటీ పెరుగుతుంది. పెళ్లిలో తాగిన మూడు పెగ్గులు కూడా లెక్కలోకి వస్తాయి.

ప్రైవేటు డాక్టరు రిపోర్టు చూసి హెచ్‌ఐవీ మందులన్నీ ఆపేయమన్నారు. ఆపనా?

ఏఆర్‌టీ డాక్టరుతో మాట్లాడకుండా ఆపకండి. ఇది నా ఒంటి మీదే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. 2012లో నా ఎస్‌జీపీటీ 96 వచ్చింది. ఇంటి దగ్గర క్లినిక్‌లో ఒక డాక్టరు కాగితం అలా చూసి, "లివర్ పోతోంది, ఈ బిళ్లలన్నీ ఆపెయ్" అన్నారు. పంతొమ్మిది రోజులు ఆపాను. ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు: అప్పటికి నెలన్నరగా పొద్దున్నే పరగడుపున, తెలిసినవాళ్లిచ్చిన ఒక ఆకుపసరు తాగుతున్నాను. సెంటర్‌కి వెళ్లాక కౌన్సెలర్ మేడమ్ మొదట అడిగింది అదే: "ఈ బిళ్లలు కాక ఇంకేం తీసుకుంటున్నారు?" పసరు ఆపి, బిళ్లలు తిరిగి మొదలుపెట్టించారు. రెండు నెలలకు ఎస్‌జీపీటీ 38కి దిగింది. ఆ పంతొమ్మిది రోజుల్లో వైరస్ మందుకు లొంగకుండా మారిపోలేదంటే అది నా అదృష్టం.

నిజంగా ఆపాల్సిన పరిస్థితీ ఉంటుంది. లివర్ బాగా దెబ్బతిని ఆసుపత్రిలో చేరినప్పుడు డాక్టర్లే ఆపి, కోలుకున్నాక వేరే మందులతో మొదలుపెడతారు.

స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని రాశారు. ఇది మందుల వల్లేనా?

ఈ నగరంలో హెచ్‌ఐవీ లేనివాళ్ల స్కానింగుల్లోనూ ఇదే మాట కనిపిస్తుంది. పొట్ట చుట్టూ కొవ్వు, షుగర్, కూర్చుని చేసే పని దీనికి ముఖ్య కారణాలు. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టాక కొందరు బరువు పెరుగుతారు, అది కూడా తోడవుతుంది. మంచి విషయమేమిటంటే ఇది వెనక్కి వెళ్లే జబ్బు. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 6 నుంచి 8 కిలోలు తగ్గితే వాపు కూడా దిగుతుంది.

దీనికి ప్రత్యేకమైన వంటలేమీ అక్కర్లేదు. రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు, ఒక్కోదానితో రెండేసి ఉస్మానియా బిస్కెట్లు తీసుకునేవాళ్లు ముందు వాటి సంగతి చూడండి, ఒక్క చాయ్‌కి దిగండి. రాత్రి అన్నం కుప్ప తగ్గించి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర పెంచండి. బిర్యానీ నెలకోసారి తింటే కొంప మునగదు, వారానికి మూడుసార్లయితే మునుగుతుంది. రోజూ అరగంట చెమట పట్టేలా నడవండి. షుగర్ ఉండి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఏఆర్‌టీ డాక్టరుకు చెప్పాలి. డోలుటెగ్రావిర్‌తో కలిసినప్పుడు దాన్ని రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు.

సెకండ్ లైన్ మందులకు మార్చాక కళ్లు కొంచెం పచ్చగా ఉన్నాయి, మిగతా అంతా బాగుంది. ఎందుకు?

సెకండ్ లైన్ అంటే మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చేవి. మీ మందుల్లో అటజనవిర్ ఉండి ఉంటుంది. బిలిరుబిన్‌ను లివర్ బయటికి పంపే దారిలో అది కాస్త అడ్డు నిలుస్తుంది కాబట్టి రక్తంలో రంగు నిలిచిపోతుంది. ఎస్‌జీపీటీ మామూలుగా ఉండి, పెరిగింది ఇండైరెక్ట్ బిలిరుబిన్ ఒక్కటే అయితే లివర్ దెబ్బతిన్నట్టు కాదు. కానీ అది కళ్లు చూసి మనం తేల్చేది కాదు, ఒక్కసారి రక్తపరీక్షతో రుజువు కావాలి. అందరూ "కామెర్లా?" అని అడుగుతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది, అది కూడా డాక్టరుకు చెప్పండి. మార్చే వీలుంటే మారుస్తారు.

## ఏళ్ల తరబడి వాడుతూ

లివర్ పరీక్ష ఎన్నాళ్లకోసారి?

అంతా బాగున్నవాళ్లకు సాధారణంగా ఆరు నెలలకోసారి. హెపటైటిస్, టీబీ మందులు, మద్యం ఉంటే ఇంకా ముందే. ఇప్పుడు చాలామందికి రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తున్నారు కాబట్టి పరీక్ష తేదీ మర్చిపోవడం తేలిక. ఫోన్ క్యాలెండర్‌లో "ఎల్‌ఎఫ్‌టీ" (లివర్ ఫంక్షన్ టెస్ట్) అని కాకుండా "రక్తం" అని పెట్టుకోండి, ఎవరు చూసినా ఇబ్బంది ఉండదు.

శనివారం పార్టీ ఉంది. తాగిన రోజు బిళ్ల మానేస్తే లివర్‌కు మంచిదా?

కాదు. మన భాషలో రెండింటినీ మందు అనే అంటాం, అందుకేనేమో "రెండు మందులూ కలవకూడదు" అన్న మాట బలంగా పాతుకుపోయింది. టీఎల్‌డీకి మద్యంతో నేరుగా తగువు లేదు. తాగిన రోజు కూడా బిళ్ల వేసుకోవాలి. పార్టీకి బయల్దేరేముందే వేసేసుకోండి, మత్తులో మర్చిపోయే గొడవే ఉండదు. వాంతి అయి, వేసుకున్న బిళ్ల బయటికి కనిపిస్తే ఇంకొకటి వేసుకోండి.

లివర్‌ను దెబ్బతీసేది ఆ మద్యమే. హెపటైటిస్ ఉన్నవాళ్లకు, టీబీ మందులు వాడేవాళ్లకు, లివర్ ఇప్పటికే గట్టిపడినవాళ్లకు ఒక్క పెగ్గు కూడా వద్దు. మిగతావాళ్లకు ఎంత తక్కువైతే అంత మంచిది. కల్లు చెట్టు నుంచి వచ్చిందే కదా అని అనుకోకండి, నగరంలో అమ్మే కల్లులో మత్తు రసాయనాలు కలిపి పట్టుబడిన సంగతులు ఎన్నోసార్లు బయటపడ్డాయి.

నేల ఉసిరి పసరు, తిప్పతీగ కషాయం తాగితే లివర్ శుభ్రమవుతుందట కదా?

మా అమ్మమ్మ కూడా కామెర్లకు పసరే పోసేది, ఆమె మీద నాకు గౌరవం తగ్గదు. కానీ ఈ విషయంలో ఉన్నదున్నట్టు చెప్పాలి. కలుషిత నీటితో వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, పేరు పసరుకు దక్కుతుంది. హెపటైటిస్ బి, టీబీ మందుల వల్ల వచ్చే కామెర్లు అలా తగ్గుతాయని నమ్మలేం. పసరు తాగుతూ కూర్చున్న పదిహేను రోజుల్లో చేయి దాటిపోవచ్చు. చేతి మీద వాతలు పెట్టించుకుంటే పుండు తప్ప లాభం లేదు.

తిప్పతీగ సంగతికొస్తే, కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని దాన్ని విపరీతంగా వాడినవాళ్లలో లివర్ వాపు కేసులను మన దేశపు లివర్ డాక్టర్లే నమోదు చేశారు. అశ్వగంధ మీద కూడా అలాంటి నివేదికలున్నాయి. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి. వంటలో వేసే పసుపు, కరివేపాకు, ఉసిరికాయ పచ్చడి గురించి కాదు నేనంటున్నది, మందులా మోతాదు కట్టి తాగేవాటి గురించి.

లివర్ టానిక్ ఒకటి కొనుక్కుంటే మంచిదా?

ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, పళ్లు కొనండి. ఏఆర్‌టీ మందుల నుంచి లివర్‌ను టానిక్కులు కాపాడతాయనడానికి గట్టి ఆధారం లేదు.

ఒళ్లు నొప్పులకు, జ్వరానికి పారాసిటమాల్ వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, లెక్క తప్పకూడదు. లివర్ బాగున్న పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు పై హద్దు, 650 బిళ్లలైతే ఆరు. రోజూ తాగేవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, బాగా చిక్కిపోయినవాళ్లు 2 గ్రాముల దగ్గరే, అంటే మూడు బిళ్లల దగ్గరే ఆగాలి. మెడికల్ షాపులో ఇచ్చే జలుబు బిళ్లల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, తెలియకుండానే రెట్టింపవుతుంది. స్ట్రిప్ వెనక చదవండి, లేదా షాపతన్నే చదవమనండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలను టెనోఫోవిర్‌తో సొంతంగా రోజుల తరబడి వాడకండి, అక్కడ ఇబ్బంది కిడ్నీకి.

గ్యాస్ మందు, కాల్షియం, ఐరన్ బిళ్లలు కలిపి వేసుకోవచ్చా?

ఇవి లివర్‌ను ఏమీ చేయవు కానీ డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేసి రక్తంలోకి వెళ్లనివ్వవు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ తాగేట్టయితే ఏఆర్‌టీ బిళ్ల దానికి రెండు గంటల ముందు గాని, ఆరు గంటల తర్వాత గాని పడాలి. కాల్షియం, ఐరన్ అయితే భోజనంతో పాటు కలిపి వేసుకోవచ్చు. ఖాళీ కడుపున అయితే అదే రెండు, ఆరు గంటల ఎడం.

తాగే నీళ్లకూ లివర్‌కూ లింకేమిటి?

చాలా ఉంది. వానాకాలంలో పాత బస్తీల్లో మంచినీళ్ల పైపులో మురుగు కలిస్తే హెపటైటిస్ ఎ, ఇ వస్తాయి. ఇప్పటికే మందులు అరిగిస్తున్న లివర్‌కు అది అదనపు దెబ్బ, గర్భిణులకు హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు. నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా ఫిల్టర్‌ను నమ్ముకోకుండా మరిగించి తాగండి. రోడ్డు పక్క పానీపూరీ నీళ్లు ఆ రెండు మూడు నెలలు వద్దు. బూజు పట్టిన వేరుశనగలు ఏరి వాడుకోవడం కాదు, మొత్తం పారేయాలి. ఆ బూజులోని విషం లివర్ క్యాన్సర్‌కు దారితీస్తుంది, హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు మరీను.

బయట డాక్టరుకు హెచ్‌ఐవీ సంగతి చెప్పకుండా వైద్యం చేయించుకుంటే ఏమవుతుంది?

చెప్పాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఫిట్స్ మందులు కార్బమజెపిన్, ఫెనిటాయిన్ డోలుటెగ్రావిర్ బలం తగ్గిస్తాయి. సెకండ్ లైన్‌లో రిటోనవిర్ ఉంటే కొన్ని కొలెస్ట్రాల్ బిళ్లలు, స్టెరాయిడ్లు ఒంట్లో ప్రమాదకరంగా పేరుకుపోతాయి. తెలియని డాక్టరు వాటిని మంచి ఉద్దేశంతోనే రాసేస్తారు. 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు, దాన్ని బట్టి వైద్యం నిరాకరించకూడదు. అయినా నోరు రాకపోతే, వాళ్లు రాసిన చీటీని బిళ్ల మింగేముందు ఏఆర్‌టీ సెంటర్‌లో చూపించండి. సందేహాలకు 1097 ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు.

రేపు సెంటర్‌కి వెళ్తున్నాను. లివర్ గురించి అడగాలంటే ఏం పట్టుకెళ్లాలి?

ఇంట్లో మీరు నోట్లో వేసుకునేవన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. షుగర్ బిళ్లలు, నిద్ర బిళ్లలు, ప్రోటీన్ పొడి, పేరులేని చూర్ణం కూడా. పాత రిపోర్టులు తేదీల వరసలో పెట్టుకోండి.

మొన్నామధ్య ఒక అక్క నా పక్కన కూర్చుని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఏఆర్‌టీ డబ్బా తీసింది. లేబుల్ గోటితో గీకేసి ఉంది, బస్సులో గలగలమనకుండా లోపల దూది కుక్కింది. అడుగున న్యూస్‌పేపర్‌లో కట్టిన గోధుమరంగు పొట్లం ఒకటి ఉంది. "ఇది చెప్పాలా? ఊరి మందు, దీనికేం కాదు" అంది. ఎస్‌జీపీటీ 164 ఎందుకొచ్చిందో అప్పటిదాకా ఎవరికీ అర్థం కాలేదు. పొట్లం డాక్టరు టేబుల్ మీద పెట్టమన్నాను, పెట్టింది. ఆయన తిట్టలేదు. ఎన్నాళ్లనుంచి, రోజుకు ఎన్ని చెంచాలు అని అడిగి పుస్తకంలో రాసుకున్నారు. పొడి ఆపించి, బిళ్ల అలాగే కొనసాగించమని, నెలకు మళ్లీ రక్తపరీక్షకు రమ్మన్నారు.